కింద మనం, పైన అద్దె... సరే, ఏ ఊళ్ళో?

అమెరికాలో ఈ మధ్య ప్రతి యూట్యూబ్ ఆర్థిక గురువూ జపించే మంత్రం "హౌస్ హ్యాకింగ్". మొదటిసారి విన్నప్పుడు పక్కింటివాళ్ళ వైఫై పాస్‌వర్డ్ కొట్టేయడం గురించేమో అనుకున్నాను :). తీరా చూస్తే విషయం ఇంతే: రెండు మూడు పోర్షన్ల ఇల్లు కొనాలి, ఒక దాంట్లో మనం ఉండాలి, మిగతావి అద్దెకివ్వాలి, ఆ అద్దె డబ్బులతో బ్యాంకు వాయిదాలో సగమైనా లాగించాలి.

ఇదేమన్నా కొత్త సంగతా చెప్పండి? బెజవాడలో, గుంటూరులో మన ముందుతరం మేష్టార్లూ బ్యాంకు ఉద్యోగులూ చేసిందంతా ఇదే. కింది వాటాలో ఇంటివాళ్ళు, పై వాటాలో అద్దెవాళ్ళు. రాత్రి పదింటికి గేటుకి తాళం, పొద్దున ఆరింటికి నీళ్ళ మోటారు. వాళ్ళు దానికి ఇంగ్లీషు పేరు పెట్టి కోర్సులు అమ్ముకోలేదు, అంతే తేడా.

ముందు ఒక మాట తేడా చెప్పుకోవాలి. హైదరాబాదులో డూప్లెక్స్ అంటే లోపల మెట్లున్న రెండంతస్తుల ఇల్లు, ఒకే కుటుంబానిది. అమెరికాలో డూప్లెక్స్ అంటే రెండు వేరు వేరు వాటాలు, వేరు వేరు వంటిళ్ళు, వేరు వేరు తలుపులు. ఇంటికి ఫోన్ చేసి "డూప్లెక్స్ చూస్తున్నా" అంటే మావాళ్ళు నాకు జీతం బాగా పెరిగిందనుకున్నారు.

అసలు విషయానికొస్తాను. ఇల్లు కొనాలా వద్దా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఏ ఊళ్ళో కొనాలి అన్నదే ప్రశ్న. నా వయసు 28. బీటెక్ అయ్యాక ఎమ్మెస్‌కి వచ్చి, ఓపీటీ దాటి, ఇప్పుడు హెచ్1బీ మీద ఉన్నాను. ప్రస్తుతం డాలస్ పక్కన ఇర్వింగ్‌లో అపార్టుమెంటు. మా కంపెనీకి న్యూజెర్సీలోనూ షికాగోలోనూ కూడా ఆఫీసులున్నాయి, మూడిట్లో ఎక్కడి నుంచి పనిచేసినా మా మేనేజరుకి అభ్యంతరం లేదు. అలాగని బట్టలు సర్దుకుని వెళ్ళిపోవడానికి లేదనుకోండి. 2015 నాటి సిమియో నిర్ణయం తర్వాత, పనిచేసే చోటు ఒక మెట్రో ప్రాంతం నుంచి ఇంకో మెట్రో ప్రాంతానికి మారితే కంపెనీ సవరణ పిటిషన్ వెయ్యాల్సిందే. కాబట్టి ఇల్లు ఎంచుకోవడమంటే ఆఫీసూ, వీసా కాగితాలూ కూడా కలిపి ఎంచుకోవడమే.

ఇంకో సంగతి. వీడియోల్లో చెప్పే 3.5 శాతం డౌన్ పేమెంటు ఎఫ్‌హెచ్‌ఏ లోను సంగతి మనం మర్చిపోవచ్చు. 2025 మే 25 నుంచి పర్మనెంట్ రెసిడెంట్లు కాని వాళ్ళకి, అంటే హెచ్1బీ వాళ్ళకి కూడా, ఆ లోను లేదు. పాత వీడియోలు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. మనకి మిగిలింది మామూలు కన్వెన్షనల్ లోను. అందులో ఒక మంచి కబురుంది. మనం ఉండటానికి కొనే రెండు నుంచి నాలుగు వాటాల ఇంటికి ఫ్యానీ మే 2023 నవంబరులో కనీస డౌన్ పేమెంటుని 5 శాతానికి తగ్గించింది. అంతకు ముందు రెండు వాటాలకి 15 శాతం, మూడు నాలుగు వాటాలకి 25 శాతం ఉండేది. షరతు ఏంటంటే, కొన్న 60 రోజుల్లోపు ఆ ఇంట్లో దిగాలి, కనీసం ఏడాది అక్కడే ఉండాలి.

60 రోజులు అనగానే మనలో చాలామందికి ఇంకో 60 రోజులు గుర్తొస్తాయి. హెచ్1బీ మీద ఉద్యోగం పోతే ఇంకొకటి వెతుక్కోవడానికో, పెట్టె సర్దుకోవడానికో గరిష్ఠంగా ఉండే గడువు కూడా అంతే. ఇంట్లో దిగడానికి 60 రోజులు, దేశం దాటడానికి 60 రోజులు. 30 ఏళ్ళ అప్పు ఈ రెండింటి మధ్యా కూర్చుని ఉంటుంది.

అందుకని నా ఎక్సెల్ షీటులో రెండు కాలమ్స్ పెట్టాను. ఒకటి "నేనున్నప్పుడు". రెండోది "నేను వెళ్ళిపోయాక". వీడియోలన్నీ మొదటి కాలమ్‌ దగ్గరే ఆగిపోతాయి, ఎందుకంటే అవి చెప్పేవాళ్ళకి రెండోది అక్కర్లేదు. మన ఊరి ఎంపిక రెండో కాలమ్‌లోనే తేలుతుంది. ఈ మొత్తం గోలలో నాకర్థమైన ముఖ్యమైన సంగతి ఇదొక్కటే.

మొదట డాలస్. ఇక్కడ అలవాటైపోయింది. ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమాన్ గుడి, ఏ వీధిలోకెళ్ళినా బిర్యానీ, పిలిస్తే పలికే స్నేహితులు. రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. ఇబ్బందల్లా ఏంటంటే, ఫ్రిస్కో లాంటి కొత్త ఊళ్ళలో రెండు వాటాల ఇళ్ళు దొరకడం కష్టం. అన్నీ ఒక్క కుటుంబానికి కట్టినవే. డూప్లెక్స్ కావాలంటే ఇర్వింగ్, గార్లండ్ లాంటి ఊళ్ళ పాత భాగాల్లో వెతుక్కోవాలి. అందుకే ఇక్కడ మనవాళ్ళు చేసేది వేరు: నాలుగు గదుల ఇల్లు కొని, రెండు గదులు కుర్రాళ్ళకి అద్దెకిస్తారు. నా లెక్కలో 4.25 లక్షల డాలర్ల ఇల్లు, 5 శాతం కట్టి, మిగతాది 6.5 శాతం వడ్డీకి 30 ఏళ్ళ లోను. వాయిదా, ప్రాపర్టీ టాక్స్, ఇన్సూరెన్స్, పీఎంఐ, హెచ్‌ఓఏ అన్నీ కలిపి నెలకి దాదాపు 3,700. రెండు గదులకి 1,600 వస్తే నాకు పడేది 2,100.

తర్వాత జెర్సీ. హ్యారిసన్, కెర్నీ, బయోన్ లాంటి ఊళ్ళలో రెండు కుటుంబాల ఇళ్ళు వీధులకి వీధులే ఉంటాయి. న్యూయార్కుకి రైలు దగ్గర. ఓక్ ట్రీ రోడ్డు ఎలాగూ ఉంది, బ్రిడ్జివాటర్ వెంకటేశ్వరస్వామి ఉన్నాడు. అద్దెకి మనుషులు దొరకరన్న భయం లేదు. కానీ ధర ఉందే! 7.5 లక్షల ఇంటికి అన్నీ కలిపి నెలకి 6,200. రాష్ట్రం మొత్తం మీద సగటు ప్రాపర్టీ టాక్సే 2024లో ఏడాదికి 10,000 డాలర్లు దాటింది. పై వాటాకి 2,600 అద్దె వచ్చినా నాకు 3,600 పడుతుంది. ఇప్పుడు నేను కట్టే అద్దెకి ఇది రెండింతలు.

మూడోది షికాగో. ఇక్కడ "టూ ఫ్లాట్" అని ఒక జాతి ఇల్లుంది. వందేళ్ళ కిందట వలసొచ్చిన కార్మికులు కొనుక్కున్న ఇటుక ఇళ్ళు. కింద ఒక వాటా, పైన అచ్చం అలాంటిదే ఇంకో వాటా. వాళ్ళ పద్ధతీ మనదే: కింద మనం, పైన అద్దె. నార్త్‌వెస్ట్ వైపు ఇర్వింగ్ పార్క్, పోర్టేజ్ పార్క్ ప్రాంతాల్లో చూశాను (టెక్సస్ ఇర్వింగ్ నుంచి షికాగో ఇర్వింగ్ పార్కుకి... నా జాతకంలో ఈ పేరే రాసుందేమో). 5.2 లక్షల ఇంటికి అన్నీ కలిపి 4,350. పై వాటా 2,100. నాకు పడేది 2,250. బాలాజీ గుడి అరోరాలో, సిటీ నుంచి చాలా దూరం. చలి సంగతి నేను చెప్పక్కర్లేదు.

మూడు చోట్లా రిపేర్లు ఇంకా కలపలేదు. అద్దెలూ ధరలూ నేను చూసిన ఇళ్ళని బట్టి వేసుకున్న అంచనాలు, మీ అంకెలు మీరు వేసుకోండి. మొదటి కాలమ్ ప్రకారం డాలస్ గెలిచింది. నెలకి 150 తేడా కోసం మంచులోకి ఎవడెళతాడు?

ఇప్పుడు రెండో కాలమ్. ఉద్యోగం పోయింది, 60 రోజుల్లో ఇంకోటి దొరకలేదు, నేను తెనాలిలో మా ఇంట్లో ఉన్నాను అనుకుందాం. ఇల్లు ఇక్కడే ఉంది. ప్రాపర్టీ మేనేజరుకి అద్దెలో 8 శాతం, ఏడాదికి ఒక నెల ఖాళీ, రిపేర్లకి నెలకి 250 నుంచి 300 తీసేశాను.

డాలస్ ఇంట్లో గదులకిచ్చిన పద్ధతి నేనుంటేనే నడుస్తుంది. ఫ్రిజ్‌లో ఎవరి పెరుగు ఎవరు తిన్నారన్న పంచాయితీలు ఏ మేనేజరూ తీర్చడు. ఇల్లు మొత్తం ఒక కుటుంబానికి ఇవ్వాలి, 2,500 వస్తుందనుకుందాం. నేను ఉండటం మానేస్తే టెక్సస్ హోమ్‌స్టెడ్ మినహాయింపు పోతుంది. స్కూలు పన్ను కోసం ఇంటి విలువలో తగ్గించే ఆ మినహాయింపు 2025లో లక్షా 40 వేల డాలర్లకి పెరిగింది. పన్ను వేసే విలువ ఏడాదికి 10 శాతానికి మించి పెరగకుండా ఉండే కట్టడి కూడా దాంతోపాటే పోతుంది. లోటు నెలకి 2,000 తేలింది.

జెర్సీలో లోటు 2,100. దాంతోపాటు చట్టం కూడా మారుతుంది. యజమాని అదే ఇంట్లో ఉంటూ రెండు వాటాలకి మించి అద్దెకివ్వకపోతే అక్కడి యాంటీ ఎవిక్షన్ చట్టం వర్తించదు. యజమాని వెళ్ళిపోయిన రోజు నుంచీ వర్తిస్తుంది. అప్పుడు అద్దె ఒప్పందం గడువు అయిపోయినంత మాత్రాన ఖాళీ చెయ్యమనడానికి ఉండదు, చట్టంలో రాసిన కారణం ఒకటి చూపించాలి. అద్దెకున్నవాడిగా నేను ఆ చట్టానికి దణ్ణం పెడతాను. వేల మైళ్ళ దూరం నుంచి అమ్ముకోవాల్సిన వాడిగా మాత్రం లెక్కలో రాసుకోవాలి.

షికాగోలోనూ ఇలాంటిదే ఉంది. యజమాని ఉండే, ఆరు వాటాల్లోపు భవనాలకి సిటీ అద్దె ఆర్డినెన్స్ వర్తించదు. నేను కదిలితే వర్తిస్తుంది. డిపాజిట్ డబ్బుల విషయంలో చిన్న తేడా చేసినా దానికి రెండింతలు పరిహారం కట్టించే నిబంధన అందులో ఉంది. అందుకే అక్కడ చాలామంది యజమానులు అసలు డిపాజిట్టే తీసుకోరు. కుక్ కౌంటీ మూడేళ్ళకోసారి ఇళ్ళ విలువ మళ్ళీ కడుతుంది, కాబట్టి పన్ను ఏ ఏడు ఎగురుతుందో చూసుకోవాలి. ఇన్ని ఉన్నా, రెండు వాటాలూ కలిపి 4,200 వస్తాయి. ఖర్చులు పోను లోటు 1,200. మూడిట్లో అదే తక్కువ.

కారణం చాలా మామూలుది. షికాగో ఇంట్లో నేను ఖాళీ చేసేది ఒక పూర్తి వాటా. నేను వెళ్ళగానే దానికి అద్దె పుడుతుంది. డాలస్ ఇంట్లో నేను ఖాళీ చేసేది ఒక గది, నాతో పాటు మొత్తం ఏర్పాటే కూలిపోతుంది.

అంకెల్లోకి రాని సంగతి ఇంకోటుంది. డాలస్‌లో ఆ గదుల్లో ఉండేదెవరు? ఓపీటీ మీద కుర్రాళ్ళు, హెచ్1బీ కొత్తగా వచ్చినవాళ్ళు, అంటే నాలాంటివాళ్ళే. నా ఉద్యోగం పోయే రోజుల్లోనే వాళ్ళవీ పోతాయి. 2025 సెప్టెంబరులో, దేశం బయట నుంచి వచ్చేవాళ్ళ కొత్త హెచ్1బీ పిటిషన్ల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు నా మొదటి ఆలోచన నా వీసా గురించి. రెండోది, వచ్చే ఏడు ఈ గదుల్లోకి ఎవరొస్తారు అని. జీతమూ అద్దే ఒకే తాడుకి కట్టి ఉంటే అది రెండో ఆదాయం ఎలా అవుతుంది? షికాగోలో నేను చూసిన ఇంటి పై వాటాలో ఉంటున్నది ఒక నర్సు, ఒక స్కూలు టీచరు. వాళ్ళకి యూఎస్‌సీఐఎస్ అంటే ఏంటో కూడా తెలీదు. నాకు కావలసింది అలాంటి అద్దెవాళ్ళు.

పనిలో పనిగా ఇంకోటి. మన వాట్సాప్ గ్రూపుల్లో "తెలుగువాళ్ళకే అద్దెకు" అని పెడుతుంటారు. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం అద్దె ప్రకటనలో జాతి, మతం, పుట్టిన దేశం బట్టి ఇష్టాయిష్టాలు రాయకూడదు. యజమాని అదే ఇంట్లో ఉండే చిన్న ఇళ్ళకి ఆ చట్టంలో కొన్ని వెసులుబాట్లున్నా ప్రకటనల విషయంలో లేవు. అలాగే, హెచ్1బీ మీద అద్దె ఆదాయం రావడం తప్పు కాదు గానీ, ఇళ్ళ నిర్వహణే ఒక పనిలా చేసుకునే ముందు ఇమిగ్రేషన్ లాయర్ని అడగండి. ఆ ఫీజు దగ్గర కక్కుర్తి పడొద్దు.

వెళ్ళిపోయాక పన్నుల సంగతి కూడా ఇదే కాలమ్‌లో ఉంటుంది. నాన్ రెసిడెంట్ అయ్యాక మామూలుగా అద్దె మొత్తం మీద 30 శాతం పన్ను. ఖర్చులు పోగా మిగిలిన దాని మీదే కడతానని రిటర్నులో ఎంచుకునే వీలుంది, అది మర్చిపోకూడదు. అమ్మితే ఫర్ప్టా అని, సాధారణంగా అమ్మకం ధరలో 15 శాతం కొనేవాడు పట్టుకుని ఐఆర్‌ఎస్‌కి కట్టేస్తాడు. రిటర్ను వేసి, కట్టాల్సిన పన్ను పోగా మిగతాది వెనక్కి తెచ్చుకోవాలి. అమ్మే ముందు ఐదేళ్ళలో రెండేళ్ళు అక్కడున్నవాళ్ళకి, ఒంటరివాళ్ళయితే రెండున్నర లక్షల డాలర్ల వరకూ లాభం మీద పన్ను ఉండదు. అదీ మనం ఉన్న వాటాకే, అద్దెకిచ్చిన వాటాకి కాదు.

ఈ లెక్కలన్నీ వేస్తున్న రోజుల్లోనే మా అమ్మ ఫోన్లో అడిగింది: "ఏరా, అక్కడ ఇల్లు కొంటున్నావంటే ఇంక అక్కడేనా?" నేను గబగబా "అబ్బే, ఇది ఉండటానికి కాదమ్మా, పెట్టుబడి" అన్నాను. "మరి ఉండటానికి కాకపోతే నువ్వే అందులో ఉంటానంటావేంటి?" అంది. సమాధానం తోచలేదు. నాన్న వెనకనుంచి, ఆ డబ్బుతో ఊళ్ళో ఏదైనా కొనుక్కోవచ్చు కదా అంటున్నారు. ఆయన చెప్పేదాంట్లోనూ న్యాయం ఉంది. అక్కడ కొన్నది ఏ వీసా ఆఫీసరూ ముట్టుకోలేడు. కానీ అక్కడ కొన్నది ఇక్కడ నేను కడుతున్న అద్దెని ఒక్క డాలరు కూడా తగ్గించదు. గ్రీన్ కార్డు వరసలో నా నెంబరు వచ్చేసరికి నాకు ఎన్నేళ్ళొస్తాయో చెప్పే వాడు లేడు. అప్పటిదాకా పెట్టె సగం సర్దుకుని బతకడం నా వల్ల కాదు. అలాగని పెట్టె మొత్తం విప్పేసే ధైర్యమూ లేదు. రెండు కాలమ్స్ పెట్టుకోవడం అంటే నిజానికి ఇదే.

సరే, ఇంతకీ ఏం తేల్చాను? షికాగో. కానీ ఇప్పుడే కాదు.

ఎందుకంటే 1,200 డాలర్ల లోటు అంటే నెలకి లక్ష రూపాయల పైమాట. ఇండియాలో మళ్ళీ ఉద్యోగం వెతుక్కుంటూ, నెలనెలా లక్ష అమెరికా ఇంటికి పంపడం అంటే అది ఆస్తి కాదు, ఏలినాటి శని. అదే ఇంటికి 20 శాతం, అంటే లక్షా 4 వేల డాలర్లు కడితే పీఎంఐ పోతుంది, వాయిదా తగ్గుతుంది, లోటు 470కి దిగుతుంది. అంటే నెలకి నలభై వేల రూపాయల చిల్లర. ఇల్లు అమ్ముడుపోయే దాకా ఒక ఏడాది ఆ భారం మొయ్యగలను, కంగారుపడి దొరికిన రేటుకి తెగనమ్మక్కర్లేదు. బ్యాంకు 5 శాతానికి ఇస్తోంది కదా అని తీసుకోవడం గ్రీన్ కార్డు ఉన్నవాడికి తెలివైన పని కావచ్చు. నా రెండో కాలమ్ దానికి ఒప్పుకోవట్లేదు.

20 శాతంలో సగం పైగా నా దగ్గరుంది. మిగతా సగం, క్లోజింగ్ ఖర్చులు, ఆరు నెలల వాయిదాలకి సరిపడా విడి డబ్బు కూడటానికి ఇంకో ఏడాదిన్నర పడుతుంది. "ఈలోగా ధరలు పెరిగిపోతాయి" అని స్నేహితులు భయపెడుతున్నారు. పెరగొచ్చు. పెరిగితే అదే వీధిలో కాకుండా రెండు వీధులవతల చూస్తాను. ఈలోగా ఫిబ్రవరిలో ఒక వారం సెలవు పెట్టి షికాగో వెళ్ళి, బస దిగి, పొద్దున్నే బ్లూ లైను ఎక్కి ఆఫీసుకెళ్ళి చూడాలని ఉంది. మేలో చూసి ఇష్టపడ్డ ఊరుని ఫిబ్రవరిలో కూడా ఇష్టపడగలనో లేదో ఎక్సెల్ చెప్పదు కదా.

మీలో ఎవరైనా ఇదే ఆలోచనలో ఉంటే, ఊరు పేరు పెట్టుకునే ముందు రెండో కాలమ్ నింపండి. మీరు లేని రోజున మీ వాటాకి ఎంత అద్దె వస్తుంది, మీ అద్దెవాళ్ళ జీతం మీ జీతంతో పాటే పోతుందా, మీరు గడప దాటగానే అక్కడ ఏ పన్నూ ఏ చట్టమూ మారతాయి. ఈ మూడూ రాశాక కూడా ఆ ఊరే నచ్చితే, ఇంక గుడి ఎంత దూరం, బిర్యానీ ఎక్కడ బాగుంటుంది అన్నవి చూసుకోవచ్చు. నా వరకైతే బిర్యానీ వండటం నేర్చుకుంటున్నాను. ఏడాదిన్నర టైముంది.